ముందొక పేరు, వెనకొక పేరు

నేను ఒక చిన్న కారును. తేదీలు గుర్తుపెట్టుకునే అలవాటు నాకు లేదు. అయినా రెండువేల పదిహేను అక్టోబరు తొమ్మిది, శుక్రవారం మాత్రం గుర్తుంది. ఆ ఉదయం ఒహాయో రాష్ట్రంలో ఒక లైసెన్సు ఆఫీసు ముందు నన్ను ఆపుకుని, ఓగిరాల ఫణి, ఆయన భార్య సువర్చల నా ముందు సీట్లలో కూర్చుని స్టీలు డబ్బాలోని నిమ్మకాయ పులిహోర తిన్నారు. తిన్నది ఆయనే. ఆమె మెతుకులు కెలుకుతూ కూర్చుంది. సోమవారం ఆమె ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి చేరాలి. పన్నెండు మైళ్ళ దూరం, బస్సు లేదు. ఈరోజు డ్రైవింగ్ పరీక్ష తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఇంతకీ నేనెవరినో చెప్పాలి. చిక్కంతా అక్కడే.

పుట్టింది ఐరోపాలో, ఒక రేవు పట్టణపు ఫ్యాక్టరీలో. మా ఇంటిపేరు లిండర్. నా ముందు వచ్చిన కారు ముక్కు మీదా, నా వెనక వచ్చినదాని ముక్కు మీదా ఆ పేరే అతికించారు. అమెరికాకి పంపేదాన్నని నాకు మాత్రం ముందూ వెనకా ‘నోవెల్’ అని అతికించారు. పెళ్ళి మాటే లేదు, ఇంటిపేరు మారిపోయింది! కిలోమీటర్లు లెక్కపెట్టడానికి తయారవుతున్న నాకు మైళ్ళు లెక్కపెట్టమని చెప్పి ఓడ ఎక్కించారు.

అమెరికాలో నన్ను చూసినవాళ్ళు తలుపు వేసిన చప్పుడు విని మెచ్చుకున్నారు. నడిపి మెచ్చుకున్నారు. తీరా కాఫీ కప్పు పెట్టుకోవడానికి సరైన చోటు లేదని తెలిసి వెళ్ళిపోయారు. సముద్రం దాటివచ్చిన నేను కాఫీ దగ్గర ఓడిపోతానని ఎన్నడూ అనుకోలేదు. రెండేళ్ళలో నోవెల్ దుకాణాలన్నీ మూసేశారు.

చివరికి పియానోలు శ్రుతి చేసే వాల్టర్ నన్ను కొన్నాడు. నా పుట్టుక తెలిసినవాడు. దూరదేశం నుంచి లిండర్ బిళ్ళ తెప్పించి నా ముక్కుకి బిగించాడు. వెనక ఉన్న నోవెల్ బిళ్ళ ఎంత పీకినా రాలేదు. ఆనాటి నుంచి ఎదురొచ్చేవాడికి నేను లిండర్ని, వెనకొచ్చేవాడికి నోవెల్‌ని. మధ్యలో ఉన్నదేమిటో నాకే తెలియదు. అలాగే ఫణి చేతికి వచ్చాను.

ఆఫీసు తలుపు తెరుచుకుంది. పరీక్ష పెట్టే డోరిస్ అనే భారీకాయురాలు బయటికి వచ్చి, “ఓగిరాల!” అని కేకేసింది. ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచింది.

సువర్చల భర్తని మోచేత్తో పొడిచింది. “మిమ్మల్నే పిలుస్తోందండీ.”

“నన్నెందుకే? నాకు లైసెన్సుందిగా!”

“మీ ఇంటిపేరేగా మరి!”

“నీదీ అదేగా తల్లీ! దిగు, దిగు!”

ఆమె చేతులు తుడుచుకుంటూ పరుగెత్తింది. లోపలికి వెళ్ళిపోబోతున్న డోరిస్ ఆగి, వెనక్కి వచ్చింది. నా ముందు నిలబడి నా రిజిస్ట్రేషన్ కాగితం చూసింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ కాగితం చూసింది.

“కాగితంలో నోవెల్. ముందు లిండర్. ఏం కారిది? రెండు కార్లు కోసి అతికించారా? ఇది తేలందే పరీక్ష పెట్టను. మూడు వారాల తర్వాత రండి.”

నా దగ్గర జవాబు ఉంటే హారన్ అయినా కొట్టేదాన్ని. ఫణి కంపెనీలు, మార్కెట్లు అంటూ మొదటినుంచీ చెప్పుకొస్తున్నాడు.

“మీరుండండి,” అని భర్తని ఆపి, సువర్చల వచ్చిన ఇంగ్లీషులోనే నెమ్మదిగా చెప్పింది. “పెళ్ళికి ముందు నేను కొంపెల్ల. ఇప్పుడు ఓగిరాల. అందుకే ఇందాక మీరు పిలిస్తే నన్ననుకోలేదు. కానీ రెండూ నేనే. దీనికీ అంతే.”

డోరిస్ నవ్వలేదు. కష్టం మీద వంగి, ముందు అద్దం కింది మూల పట్టిన తేమని తన చొక్కా చేతితో తుడిచింది. అక్కడున్న నా గుర్తింపు నంబరుని, పదిహేడు అక్షరాలూ అంకెలూ, పెదవులు కదుపుతూ, వేలు పెట్టి, కాగితంతో ఒక్కొక్కటే సరిచూసింది. ఇన్నేళ్ళలో నా గురించి ఇంత ఓపికపట్టిన మనిషి లేదు.

“సరిపోయింది. ఎక్కు,” అంది.

గుర్తుకోసం నిలబెట్టిన కర్రల మధ్య వెనక్కి వస్తూ సువర్చల నన్ను ఒకదానికి తాకించింది. కర్ర ఊగింది. డోరిస్ కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. “తగిలింది, పడలేదు,” అని డోరిస్ మార్కులు తగ్గించి, పాస్ చేసింది.

ఆ సాయంత్రం ఆశ్రమం దాకా వెళ్ళి దారి చూసుకుని వచ్చారు. పక్క సీట్లో ఫణి కుడికాలితో నేలని తొక్కుతూనే ఉన్నాడు.

“అక్కడ బ్రేకు లేదండీ.”

“నా ధైర్యానికి తొక్కుతున్నాలే.”

ఇంటి దగ్గర ఆయన్ని దింపి, నన్ను తనే షెడ్డులో పెట్టింది. ఇంజను ఆపాక కాసేపు స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. దిగి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

“సోమవారం ఆరున్నరకే బయల్దేరాలి. సరేనా?”

ఎవరితో అందో ముందు నాకు అర్థం కాలేదు. షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నాను.

పక్కింటి పసిపిల్ల నిద్రపోయే వేళ అని, షెడ్డు తలుపుని రెండు చేతులతో ఆపి ఆపి దించి, చప్పుడు కాకుండా మూసింది.