దొడ్డిదారిన రాను

కైలీ పట్నంలో బట్టలు కుట్టే ఐదుగురు ఆడవాళ్ళు పుల్లటి చేపల పులుసు గిన్నె చుట్టూ చేరి పుట్టింటి ప్రయాణం మాట్లాడుకుంటున్నారు. బయట ఊళ్ళకు వెళ్ళిన ఆడపిల్లలంతా కలిసి ఒక్కసారి అడవి దాటి కొండమీది పింగ్‌సావ్‌కు వెళ్ళాలని ఎప్పటినుంచో అనుకుంటున్నదే. పందిని ఎవరు కొనాలి, సారా జాడీ ఎవరు మొయ్యాలి అనేదాకా వచ్చింది. అప్పుడు నై సాన్ ఫోను పక్కన పెట్టి నసిగింది.

"పేయ్‌లెన్, మీ పెదనాన్న కబురు పెట్టాడే. అందర్నీ రమ్మన్నాడు. నువ్వు మాత్రం..."

"ఊఁ, నేను మాత్రం?"

"నిన్ను అడ్డుపాట అడగొద్దని పిల్లలకి చెప్పేశాడట."

గామ్ జాతివాళ్ళ కొండల్లో ఇంతకంటే పెద్ద చెంపదెబ్బ లేదు. చుట్టాలు వస్తే ఊరి గుమ్మానికి బల్లలూ రాట్నాలూ చీపుళ్ళూ అడ్డం పెట్టి, ఎందుకొచ్చారని పాటలోనే నిలదీస్తారు. పాటకు పాట చెప్పినకొద్దీ అడ్డు తీస్తారు. అసలు అడగనే లేదంటే నువ్వు చుట్టానివీ కాదు, ఆ ఊరి బిడ్డవీ కాదు. పేయ్‌లెన్ చేసిన నేరమల్లా మైదానంవాణ్ణి, అందులోనూ లారీ తోలేవాణ్ణి పెళ్ళాడటం. పెదనాన్న ఊరందరికీ పాట నేర్పిన గురువు. తన దగ్గర గొంతు సవరించుకున్న పిల్ల తన మాట దాటిందని ఆయన కడుపుమంట. ఇన్నేళ్ళ వానలకు కూడా ఆరలేదు ఆ మహానుభావుడి మంట.

"వెనకనుంచి కొత్త రోడ్డు పడిందిగా," అంది నై సాన్. "అటు గుమ్మమే లేదు. నిన్ను అటు దింపేసి మేం ఇటు వస్తాం."

"కోళ్ళ దొంగలా దొడ్డిదారిన దూరమంటావా? నేను పుట్టిన ఊరే అది! గుమ్మంలోంచే వస్తా."

"అడక్కపోతే ఏం చేస్తావే?"

"ప్రశ్నా నేనే పాడతా, జవాబూ నేనే పాడతా. నా నోరు కట్టేస్తాడా?"

అందరూ పగలబడి నవ్వారు. పేయ్‌లెన్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఈసారి గుమ్మం దాటలేకపోతే ఇక పింగ్‌సావ్ తనది కాదని ఆమెకు తెలుసు. భయంగానే ఉంది. అయినా పందికి తన వంతు డబ్బు తనే ముందు ఇచ్చేసింది.

అనుకున్నట్టే బయల్దేరి గుమ్మం చేరారు. పిల్లలు ఆటపట్టిస్తూ పాడారు, నలుగురూ బదులు పాడి లోపలికి నడిచారు. నై సాన్ ఆగబోతే పేయ్‌లెనే వీపుమీద చెయ్యేసి నెట్టింది. పిల్లలు వెంటనే చీపురూ బల్లా మళ్ళీ అడ్డం పెట్టి, తలలు దించుకుని నిలబడ్డారు. బల్లమీద పెదనాన్న చుట్ట ముట్టించుకుని కూర్చున్నాడు.

పేయ్‌లెన్ గొంతెత్తింది. "ఎవరు నువ్వు, ఏ కొండ దాటి వచ్చావు?" అని తనను తానే అడిగింది. "ఈ కొండ దాటి వెళ్ళినదాన్నే, ఈ కొండకే వచ్చాను," అని తానే చెప్పింది. చీపురు తీసి పక్కన పడేసింది.

రెండో ప్రశ్న ఎత్తుకుంది. "మా గుమ్మంతో నీకేం పని?" అన్నచోట గొంతు వణికి పాట కిందికి జారిపోయింది.

అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టాడు పెదనాన్న. "కిందికి కాదే మొద్దూ, పైకి!" అని కసిరి, చుట్ట తీసి, కళ్ళు మూసుకుని, ఎదురుగా ఉన్న పేయ్‌లెన్ ముఖంమీదికే పాడాడు. "మా గుమ్మంతో నీకేం పని?"

ఎదుటి కొండ కూడా ఆ మాటే అడిగింది. పిల్లలు కిసుక్కుమన్నారు. కళ్ళు తెరిచేసరికి ఆయనకు తను చేసిన పని అర్థమైంది.

"అడిగావు పెదనాన్నా," అంది పేయ్‌లెన్. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"అడగలేదు, దిద్దాను!"

"ఊరంతా విన్నది. జవాబు చెబుతాను, బల్లమీంచి లే."

ఆయన అటూ ఇటూ చూశాడు. ఒక్కరూ ఆయన వైపు మాట్లాడలేదు. గొణుక్కుంటూ లేచాడు.

"జవాబైనా నేను నేర్పినట్టు పాడి ఏడువు."

పేయ్‌లెన్ కళ్ళు తుడుచుకుని, తనకు నచ్చినట్టే పాడింది.