కొండ దిగడానికో లారీ

బండి ఎంత వేగంగా పోతుందో చూసిపెట్టమని నా దగ్గరికి చాలామంది వస్తారు. ఎంత నిదానంగా కొండ దిగుతుందో చూసిపెట్టమన్నది మాత్రం మా అక్క ఒక్కతే.

"క్వారీ నుంచి కిందికి రాయి తోలాలిరా. ఎక్కేటప్పుడు ఖాళీ, దిగేటప్పుడు లోడు. మీ బావ చేస్తానన్నారు. ఎవరో పెద్దాయన పాత టిప్పరు అమ్ముతున్నాడట, వచ్చి చూడు. చూసి, నోరు పారేసుకోకుండా చెప్పు."

సాయం అడుగుతూనే మొట్టికాయ వేయడం మా అక్కకే చెల్లింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాదనను. నేను పనిచేసే మెకానిక్ షెడ్డులో అందరూ నన్ను చిటపట అంటారు. అయినా ఆ రోజు కిక్కురుమనకుండా పానాల సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను. బావ మళ్లీ స్టీరింగు పట్టుకుంటానన్నాడు మరి.

కిందటేడు ఎవరిదో లారీలో లోడుతో కొండ దిగుతుంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. బావ బండిని కొండ గోడకు రాసుకుంటూ తీసుకెళ్లి ఎలాగో ఆపాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన ఏ బండీ ఎక్కలేదు. మా అక్క దర్జీ. ఆమె మిషను పక్కన పీట వేసుకుని చొక్కాలకు బొత్తాలు కుడుతూ కూర్చునేవాడు. లారీ స్టీరింగు తిప్పిన ఆ చేతుల్లో సూది కనిపిస్తే నేను మొహం పక్కకు తిప్పుకునేవాణ్ని. ఈ బండి బ్రేకు మీద ఆధారపడకుండా కొండ దిగగలిగితేనే ఆయన మళ్లీ డ్రైవరవుతాడు. లేకపోతే బొత్తాలే గతి.

అక్కా బావా నేనూ వెళ్లేసరికి టిప్పరు ఒక రేకుల కొట్టం కింద ఉంది. రంగు ఎప్పుడో వెలిసిపోయింది. అమ్మే పెద్దాయన ఒకప్పుడు కలప తోలేవాడట. కుర్చీలో నుంచి లేవకుండానే, "చూసుకోండి బాబూ, నాదేం దాపరికం లేదు," అన్నాడు. అలా అనేవాళ్ల దగ్గరే నేను రెండుసార్లు చూస్తాను.

కిందికి దూరి ఛాసిస్ చట్రం మొత్తం తడిమాను. ఎక్కడా పగులు లేదు, అతుకు లేదు. వెనక కమాను కట్టల్లో ఒక పట్టీ విరిగింది, అది మార్చుకోవచ్చు. స్టీరింగులో ఆట, అంటే వదులు, కొంచెం ఎక్కువ, అదీ బాగుపడేదే. ఇంజను స్టార్ట్ చేసి ఆయిలు మూత తీసి పట్టుకున్నాను. అరిగిన ఇంజనైతే అందులోంచి పొగ తన్నుకొస్తుంది. ఇది మాత్రం పడుకున్న పసిపిల్లలా మెల్లగా ఊపిరి తీస్తోంది. నాకే ముచ్చటేసింది.

తర్వాత చదును రోడ్డు మీదికి తీసుకెళ్లాం. నేను నడిపాను, బావ పక్కన కూర్చున్నాడు. టాపు గేరులో యాభై దగ్గరికి వచ్చేసరికి ఇక అరుపే తప్ప పరుగు లేదు. ఎంత తొక్కినా అంతే. కూరగాయల బుట్టలు కట్టుకున్న మోపెడ్ ఒకటి మమ్మల్ని దాటి పోయింది. దాని మీదావిడ వెనక్కి తిరిగి జాలిగా చూసింది కూడా.

"ఇంజను అయిపోయిందేమోరా," అన్నాడు బావ.

"అయిపోలేదు. డీజిలు పంపులో ఏదో ఉంది," అన్నాను. నాకూ అర్థం కాలేదు. కాలేదని చెప్పడం నాకు అలవాటు లేదు.

కొట్టం దగ్గరికి తిరిగొచ్చాక అసలు పని మొదలుపెట్టాను. ఇంజను నుంచి వెనక ఇరుసుకు పోయే పొడవాటి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో లెక్కపెట్టాలి. చుట్లు ఎక్కువైతే బండి నిదానం. కానీ కొండ దిగేటప్పుడు ఇంజనే దాన్ని పట్టి ఆపుతుంది. తక్కువైతే చదును మీద పరుగే పరుగు, దిగుడులో మాత్రం బ్రేకే దిక్కు. ముందు చక్రాలకు దుంగలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో వేసి, వెనక ఒక పక్కకు జాకీ ఎత్తాను. షాఫ్టు మీదా టైరు మీదా సుద్దతో గీతలు పెట్టాను. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని చక్రం తిప్పింది. నేను కింద పడుకుని లెక్కపెట్టాను.

నాలుగు చుట్లు, ఆపైన కాస్త.

కొండ బండికి ఇది చాలా తక్కువ. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పేశాను. "ఇది పరిగెత్తే ఇరుసు. కొండకు పనికిరాదు."

"అదేంటి బాబూ," అన్నాడు పెద్దాయన. "రెండో గేరులో వేసి కూనిరాగాలు తీసుకుంటూ దిగేవాణ్ని."

"అమ్మేవాళ్లందరూ రాగాలే తీస్తారు," అన్నాను. నోరు పారేసుకోవద్దని అక్క చెప్పిన మాట అప్పుడు గుర్తులేదు.

బావ బానెట్టు మీద ఆనించిన చెయ్యి మెల్లగా తీసేశాడు. "పదండి, ఇంటికెళ్దాం. చొక్కాలు ఇవాళ ఇచ్చేయాలి కదా," అన్నాడు. ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది.

అక్క కదల్లేదు. గ్రీజు చేతులతో చక్రం దగ్గరే చతికిలబడి బండి కిందికి చూస్తోంది.

"ఒరే తమ్ముడూ, నేను తిప్పుతుంటే ఆ పక్క చక్రం తిరగలేదేం?"

"అది నేల మీదుందిగా. ఎలా తిరుగుతుంది?"

"రోడ్డు మీద రెండూ తిరుగుతాయి కదా. మరి నువ్వు ఒక్కదానికే కొలిచావు. లెక్క మారదూ?"

"నీకేం తెలుసే అక్కా, ఇది చొక్కా కాదు..." అని గొంతు పెంచానో లేదో, మాట అక్కడే ఆగిపోయింది. ఒంట్లో రక్తమంతా మొహానికి వచ్చినట్టయింది.

ఒక చక్రం నేల మీద బిగిసిపోయి ఉంటే, దాని వాటా తిరుగుడు కూడా గాల్లో ఉన్న చక్రానికే పోతుంది. అది రెండింతలు తిరుగుతుంది. అంటే నాకొచ్చిన లెక్క సగమే. షెడ్డులో ఎప్పుడూ రెండు పక్కలా ఎత్తి చేసే పని ఇది. ఇక్కడ ఉన్నది ఒకే జాకీ. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, బుర్ర వెంట రాలేదు.

"ఏమైందిరా?" అన్నాడు బావ.

"నా తలకాయ. ఇంకో జాకీ కావాలి."

పెద్దాయన నవ్వాపుకుంటూ లోపలి నుంచి జాకీ తెప్పించాడు. ఈసారి రెండు పక్కలా ఎత్తాం. ఒక చక్రం అక్క, ఒకటి నేను, కలిసి తిప్పాం. బావ తనంతట తనే బండి కిందికి దూరాడు. చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఎనిమిది దాటిందిరా."

యాభై దగ్గర ఎందుకు అరిచిందో అప్పుడు తెలిసింది. పంపు తప్పూ కాదు, ఇంజను తప్పూ కాదు. కొండ మీంచి కలప దించడానికి కట్టిన బండి అది, అంతకు మించి పరిగెత్తదు. పెద్దాయనకు చేతులెత్తి దండం పెట్టాను. "తప్పయిపోయింది బాబాయ్," అన్నాను. ఆయన లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

మాటతో బావకు ధైర్యం రాదని నాకు తెలుసు. పెద్దాయనను అడిగి విరిగిన పట్టీ మార్చి, బ్రేకులు విప్పి చూసి బిగించి, రెండు రోజుల తర్వాత బండిని క్వారీకి తీసుకెళ్లాం. సగం లోడు వేయించాం. బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు, నేను పక్కన. అక్క కొండ అడుగున, మలుపు దగ్గర నిలబడింది.

దిగుడు మొదట్లో బావ కుడికాలు బ్రేకు మీద బిగుసుకుపోయి ఉంది. బండి రెండో గేరులో గుర్రుమంటూ దిగుతోంది, వేగం కొంచెం కూడా పెరగట్లేదు. మొదటి మలుపు దాటాక ఆ కాలు కొంచెం పైకి లేచింది. రెండో మలుపులో పూర్తిగా పక్కకు వచ్చేసింది. బండి మాత్రం అదే గుర్రుతో, అదే నడకతో పోతోంది. బావ తన కాలి వంక ఒకసారి, రోడ్డు వంక ఒకసారి చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. ఏడాదిగా లోపలే దాచుకున్న ఊపిరి అది.

అడుగుకు రాగానే రాయి గుమ్మరించాడు. "ఇవాళ్టికి చాల్లే బావా, ఇంజను ఆపెయ్," అన్నాను.

ఆపలేదు. చెయ్యి చాపి నా పక్క తలుపు తీశాడు.

"దిగరా. ఈసారి ఫుల్లు లోడు తెస్తా. నీ బరువొకటి దండగ."

దిగాను. ఖాళీ టిప్పరు దుమ్ము లేపుకుంటూ కొండెక్కిపోయింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా పక్కకు వచ్చింది.

"నిన్ను దింపేశారేంట్రా?"

"దండగ మనిషినట," అన్నాను. చెబుతుంటేనే ఏడుపొచ్చేసింది. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.