గూడబాతుల పురుడు

ఎంత పెద్దమనిషో తెలుసుకోవాలంటే వాడి మాటలు వినక్కర్లేదు, వాడు గదిలో వదిలేసి పోయిన తువ్వాలు చూస్తే చాలు. సోమవారం పొద్దున్నే మా చేపల చెరువు గట్టు మీద ఉన్న కాటేజీలన్నీ తిరిగి ఆ తువ్వాళ్ళు ఏరుకొస్తాను. పులుసు చేతులు తుడిచినవి, బూట్ల బురద తుడిచినవి, ఇంకా పైకి చెప్పుకోలేనివి తుడిచినవి. రెండు వేళ్ళతో పట్టుకుని సర్ఫు నీళ్ళలో పడేసి కర్రతో అదుముతాను. కాటేజీల ముందున్న బోర్డు మీద 'ప్రకృతి ఒడిలో, పక్షుల తోడులో' అని రాసి ఉంటుంది. పక్కన గూడబాతు బొమ్మ, దాని కింద దణ్ణం పెడుతూ నా ఫొటో. ఆ ఫొటో కోసం మా ఆయన నాతో నైటీ మార్పించి పట్టుచీర కట్టించారు. ఫొటో అవగానే, "ఇక చీర మార్చుకో, మరకలవుతాయి. చేపలొచ్చాయి" అన్నారు.

మా ఆయన పేరు మోహన్. మాది కొల్లేరు ఒడ్డున ఒక లంక. నేను పుట్టింది పెంటపాడు, వరి చేల మధ్య. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివాను, అందులో జువాలజీ కూడా ఉంది. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు గంగారత్నం గారు మాత్రం అదేమీ అడగలేదు. "చేపల కూర వండటం వచ్చా అమ్మాయ్?" అన్నారు. వచ్చండీ అన్నాను. ఇప్పటికీ వండుతూనే ఉన్నాను. ముందు చెరువులో చేపల పట్టుబడికొచ్చే కూలీలకు, తర్వాత చేపల మేత కంపెనీవాళ్ళకు, ఇప్పుడు టూరిస్టులకు. "హోటల్ వంట ఎవడిక్కావాలండీ, మా ఆవిడ చేతి వంటే మా బ్రాండు" అని అందరితో చెబుతారు ఆయన. బ్రాండుకు జీతం ఉండదు. వంటమనిషిని పెట్టుకుందామండీ అంటే, "నువ్వుండగా వంటమనిషెందుకే?" అని ముద్దుగానే అంటారు. ఆ ముద్దు వింటే అసహ్యం వేస్తున్నా 'ఆయన', 'అన్నారు' అనే అంటున్నాను చూడండి. పెంటపాడు నోరు మరి, ఎక్కడికి పోతుంది.

మా గట్టు అవతల, కొల్లేటి నీళ్ళల్లో, నల్లతుమ్మ చెట్ల గుంపు ఒకటి ఉంది. చలికాలం వస్తే గూడబాతులు వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని గూటి మీద కూర్చుంటాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు తాళలేవు, పెద్దవి వాటికి నీడ పట్టాలి. నీడ తప్పితే కాకులు కాచుకునే ఉంటాయి. మా కాటేజీలకు జనం వచ్చేది ఈ గూడబాతుల్ని చూడటానికే. కానీ కూర్చున్న పిట్ట ఫొటోకు పనికిరాదట. "ఏంటి బ్రో, ఒక్కటీ కదలట్లేదు, ప్లాస్టిక్ బొమ్మల్లా ఉన్నాయి" అన్నాడట మొదటిసారి పడవెక్కిన వాళ్ళలో ఒకడు. అప్పుడు మా ఆయనకు గంగరాజు గుర్తొచ్చాడు.

గంగరాజు మా చెరువుకు పిట్టల కాపలా. చేపల చెరువులున్నవాళ్ళు చాలామంది ఇలాంటి మనిషిని ఒకణ్ణి పెట్టుకుంటారు. పిట్టలు చెరువులో వాలి చేపపిల్లల్ని మింగకుండా గట్టు మీద తిరుగుతూ డబ్బా కొట్టడం, అప్పటికీ కదలకపోతే లక్ష్మీబాంబు పేల్చడం అతని పని. ఆ గంగరాజునే బాంబుల సంచితో సహా టూరిస్టుల పడవెక్కించారు. పడవ తుమ్మచెట్ల దగ్గరకు చేరగానే, అందరూ ఫోన్లు పైకెత్తగానే, ఒక బాంబు. చెట్ల మీదున్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి. ఈలలు, చప్పట్లు. అదే మా కాటేజీలకు పేరు తెచ్చింది.

"చెరువు మీద రోజూ పేలుస్తూనే ఉన్నాం కదే. ఓ చుట్టు తిరిగి మళ్ళీ వాలతాయి, వాటికేం" అంటారు ఆయన. చెరువు మీద వాలింది తిండికొచ్చిన పిట్ట, తోలితే ఇంకో చెరువుకు పోతుంది. గూటి మీదున్నది పురిట్లో ఉన్న పిట్ట, దాన్ని తోలితే పిల్లల్ని ఎక్కడికి మోసుకుపోతుంది? ఈ మాట ఒకసారి భోజనాల దగ్గర చెప్పబోయాను. "నీ జువాలజీ తర్వాత, ముందు పప్పు చూడు, మాడుతున్నట్టుంది" అన్నారు అందరి ముందూ. తింటున్నవాళ్ళంతా నవ్వారు. నిజంగానే పప్పు మాడింది కూడా.

ఒక ఆదివారం టూరిస్టు కుర్రాడొకడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో గూడబాతు పిల్ల, ఒళ్ళంతా తెల్లని నూగు, తడిసి ముద్దయిపోయి ఉంది. మెడ పట్టుకుని వేలాడదీసుకుని వచ్చాడు. "ఆంటీ, నీళ్ళల్లో పడింది. క్యూట్‌గా ఉంది కదా, ఏమైనా పెట్టండి" అని దాన్ని కూరగాయల పళ్ళెంలో దించి, దాంతో ఒక సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను బేసిన్‌లో పాతగుడ్డ పరిచి దాన్ని పడుకోబెట్టాను. ఒక చేత్తో దానికి చిన్న చేపముక్క అందిస్తూ, ఇంకో చేత్తో మూకుట్లో వేపుడు తిప్పుతూ ఉన్నాను. అది మింగలేదు. టూరిస్టుల భోజనాలు కాకముందే తల వాల్చేసింది. మా ఆయన తొంగి చూసి, "వాసన రాకముందే పారెయ్, రెండో బంతి కూర్చుంటున్నారు" అన్నారు. ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా ఆరోజు నాకు అన్నం సయించలేదు. అసహ్యం ఆ పిల్ల మీద కాదు, వేపుడు మాడకూడదని తిప్పుతూనే ఉన్న నా రెండో చేయి మీద. జనం వెళ్ళాక కాటేజీల వెనక గొయ్యి తీసి దాన్ని పూడ్చిపెట్టాను.

ఆ వారంలోనే విజయవాడ నుంచి టూరు కంపెనీ ఆవిడ లక్ష్మీప్రసన్న గారు ఫోను చేశారు. వచ్చే ఆదివారం బస్సుతో వస్తారట. నచ్చితే సీజనంతా వారం వారం బస్సు పంపిస్తారట. మా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నాకు మాత్రం ఒకటే వినిపించింది, పిల్లలు గూట్లో ఉన్నన్నాళ్ళూ వారం వారం బాంబు అని. ఇలా సాగితే ఆ చెట్ల మీద ఒక్క పిల్ల మిగలదు. పిల్లలు మిగలని చోటుకు పిట్టలు మళ్ళీ ఏడాది రావు.

శనివారం సాయంత్రం ఆయన నన్ను అరుగు మీద నిలబెట్టి పాఠం చెప్పారు. "కంపెనీవాళ్ళకి ఈ ప్రకృతి రక్షణా గట్రా కావాలట. ఆడవాళ్ళ నోటమ్మట వస్తే బాగుంటుంది. ఇలా చెప్పు. ఈ గూడబాతులు మాకు ఆడపడుచులండీ, పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటామండీ. ఏదీ, అను." అన్నాను. "బానే ఉంది, కొంచెం నవ్వుతూ అను" అన్నారు.

పురిటికొచ్చిన ఆడపిల్లట. మా తేజశ్రీ పుట్టినప్పుడు నేను పెంటపాడులో మంచం మీద ఉన్నాను. పిల్లకు ఇంకా పేరైనా పెట్టలేదు. ఆయన కారు వేసుకుని వచ్చారు. "చెరువు పట్టుబడి పెట్టుకున్నామండీ. కూలీలకి వండేవాళ్ళు లేరు, మా అమ్మకేమో మోకాళ్ళు" అన్నారు మా అమ్మతో. "పచ్చి బాలింత కదా బాబూ" అంది అమ్మ. "కూర్చుని చెబితే చాలండీ, చేసేవాళ్ళు చేస్తారు" అన్నారు. వచ్చి చూస్తే చేసేవాళ్ళెవరూ లేరు. కుట్లు ఇంకా మానలేదు. గదిలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, పాలు పొంగి జాకెట్టు తడిసిపోతుంటే, పైట కప్పుకుని గరిటె తిప్పాను. "ఏడవనీ అమ్మాయ్, ఏడిస్తే పిల్ల గట్టిపడుతుంది" అన్నారు అత్తయ్యగారు. నన్ను గూటి మీద నుంచి లేపడానికి బాంబు కూడా అక్కర్లేకపోయింది. కారు హారను కొట్టారు, లేచి వచ్చేశాను. ఇప్పుడు అదే మనిషి నన్ను అరుగు మీద నిలబెట్టి పురుడు గురించి నవ్వుతూ చెప్పమంటున్నారు. ఛీ అనిపించింది.

ఆదివారం బస్సు రానే వచ్చింది. లక్ష్మీప్రసన్న గారిది ఇంచుమించు నా వయసే. మెడలో బైనాక్యులర్ వేసుకుని ముందుగా దిగారు. భోజనాల పాకలో అందరినీ కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాక మా ఆయన అందుకున్నారు. "మా టూరిజం ఉండబట్టే ఈ పక్షులు బతుకుతున్నాయండీ. మా ఆవిడ చెబుతుంది వినండి" అని నాకు సైగ చేశారు.

"ఈ గూడబాతులు మాకు ఆడపడుచులండీ" అన్నాను. ఆయన తలాడించారు. "మా ఇంట్లో పురిటికొచ్చినవాళ్ళని ఎలా చూస్తామో వీటినీ అలాగే చూస్తామండీ. మంచం పక్కన బాంబు పేల్చి లేపుతాం. కాసేపట్లో పడవ చెట్ల దగ్గరకు వెళుతుంది, మీవాళ్ళు ఫోన్లు ఎత్తగానే గంగరాజు పేలుస్తాడు. పెద్దవి లేచిపోయాక పిల్లల్ని కాకులు పొడుస్తాయి. పోయిన ఆదివారం ఒకటి నా వంటింట్లో చచ్చిపోయింది."

గంగరాజు సంచిని వెనక్కి పెట్టుకుని, "ఆయ్, బాబుగారు వెయ్యమంటేనేనండి" అన్నాడు నేల చూస్తూ.

మా ఆయన నవ్వేశారు. "మా ఆవిడ మనసు సున్నితమండీ, చిన్నదానికే బాధపడిపోద్ది. దుర్గా, నువ్వెళ్ళి లోపల చూసుకో."

నేను కదల్లేదు. లక్ష్మీప్రసన్న గారు ఆయన్ని కాకుండా నన్నే అడిగారు. "మావాళ్ళు ఎగిరే పక్షుల్నే అడుగుతారండీ, నిజమే. మరి ఏం చేస్తే బాగుంటుందంటారు?" ఉప్పూ కారం గురించి కాకుండా నన్ను ఒకరు ఏదైనా అడగడం ఆ గట్టు మీద అదే మొదటిసారి.

"పడవ చెట్ల దాకా పోనక్కర్లేదండీ. గట్టు మీద మంచె వేస్తే, మీ మెళ్ళో ఉన్నదాంతో గూట్లో పిల్ల నోరు తెరవడం కూడా కనబడుతుంది. ఎగరడమే చూడాలనుకుంటే పొద్దున్నే రమ్మనండి, మేతకు అవే లేస్తాయి. బాంబు వేసినందుకు గంగరాజుకు ఇచ్చే కూలి, ఎవరూ వెయ్యకుండా కాపలా కాసినందుకు ఇవ్వండి. మీరు తెచ్చే డబ్బు పిట్టలకు పనికొచ్చేది అలాగండీ. నా ఫొటో బోర్డు మీద వేస్తే కాదు."

ఆవిడ ఏదో అనబోయారు. మా ఆయన మధ్యలో లేచారు. "అవన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చండీ. ప్రయాణం చేసొచ్చారు, ముందు భోంచేసి అప్పుడు పడవెక్కుదురు గాని. దుర్గా, విస్తళ్ళు వెయ్యి."

"పొయ్యి వెలిగించలేదండీ" అన్నాను.

"ఏంటి?"

"బాంబు పేలే రోజున నేను పొయ్యి వెలిగించనండీ. ఈరోజు నుంచే."

ఆయన వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చారు. చేపలు బేసిన్లలో వేసినవి వేసినట్టే ఉన్నాయి, బియ్యం కడగలేదు. మొహం నల్లబడింది. బస్సెడు జనం ఆయన్నే చూస్తున్నారు. "అమ్మా, నువ్వన్నా కొంచెం" అన్నారు అరుగు మీదున్న అత్తయ్యగారి వైపు తిరిగి. "నాకు మోకాళ్ళురా అబ్బాయ్" అన్నారావిడ. నా కోసం అన్నారో, మోకాళ్ళ కోసమే అన్నారో ఇప్పటికీ తెలియదు. నా వైపు మాత్రం చూడలేదు.

"పరువు తీశావే" అన్నారు నా పక్కకొచ్చి, పళ్ళ బిగువున. తర్వాత గంగరాజు చేతిలో సంచి లాక్కుని, బాంబులన్నీ తనే బకెట్ నీళ్ళలో గుమ్మరించారు.

"చాలా? ఇప్పుడైనా వెలిగిస్తావా?"

"వెలిగిస్తానండీ. మీరు చేపలకు పొలుసు తియ్యండి, ఇంతమందికి నా ఒక్కదాని వల్ల కాదు."

ఆయన వంటింటి మధ్యలో నిలబడి చుట్టూ చూశారు. కత్తిపీట ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. చూపించాను.