గోడ అవతలి ఆకులు

అనుమానం రానంతవరకూ బాపయ్య అంత మంచివాడు లేడు. వచ్చిందంటే మాత్రం దానికి కూడూ నీళ్లూ పెట్టి పెంచుతాడు.

కొత్త ఇల్లు కట్టేటప్పుడు గుమ్మానికి అడ్డమని ఇరవై ఏళ్ల సైకస్ మొక్కను తవ్వించి, పక్కింటి గోడ వారగా నాటించాడు. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గాని, అదంటే అతనికి ప్రాణం. నెల తిరిగేసరికి ఆకులు పసుపు తిరిగాయి. ఇంకో పది రోజులకు వాటి మీద తెల్లటి పొడి కనిపించింది.

దాచేపల్లిలో తెల్లపొడి ఎక్కడిదని ఎవరూ అడగరు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడని ఆకు ఆ ఊళ్లో లేదు. బాపయ్య మాత్రం అడిగాడు. గోడ అవతల మీరా హుస్సేన్ నాపరాళ్ల పాలిష్ మిషన్ ఉంది. మొన్న తను గోడ ఎత్తు పెంచుతానంటే వద్దన్నదీ అతనే.

"పాతికేళ్లుగా బావా బావా అనుకుంటున్నారు. మొక్క మీద రాతిపొడి పోసే మనిషా ఆయన?" అంది భార్య సుబ్బరావమ్మ.

"పోయకపోతే అటేపు ఆకులకే ఎందుకెక్కువుందే?"

ఆ ప్రశ్నే బాపయ్యకు సాక్ష్యమైంది. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు కుమ్మరించి కడిగాడు. మిర్చికి కొట్టగా మిగిలిన మందూ కొట్టాడు. మొక్క ఇంకా వాడింది. మీరా హుస్సేన్ పలకరిస్తే ఏదో దాస్తున్నట్టుండేది, పలకరించకపోతే దాచేసినట్టే ఉండేది. చివరికి పాలిష్ దుమ్ముతో బతకలేకపోతున్నామని నగర పంచాయతీ ఆఫీసులో అర్జీ ఇచ్చి, ఇంట్లో చెప్పకుండా ఊరుకున్నాడు.

వారం తర్వాత ఒక పొద్దున వేపపుల్ల నములుతూ పెరట్లోకి వస్తే, గోడ మీంచి ఒక చెయ్యి సైకస్ ఆకును పట్టుకుని ఉంది. దొరికాడనుకుని బాపయ్యకు పట్టరాని సంతోషం వేసింది.

"ఏం చేస్తన్నావ్ మీరా?"

మీరా హుస్సేన్ ఉలిక్కిపడలేదు. అతని చేతిలో పాత టూత్ బ్రష్, గోడ మీద సబ్బునీళ్ల చెంబు.

"నా దుమ్ము నాకు తెలీదా బావా. నీళ్లు పోస్తే పోయేది. ఇది పొలుసుపురుగు. గోడ నీడకి ఇటేపు ఎక్కువ పట్టింది. గోకి చూడు."

బాపయ్య గోకాడు. తెల్లటి పొలుసు లేచి, పసుప్పచ్చటి జిగురు గోటికి అంటింది.

"నర్సరీ ఆయన్ని అడిగొచ్చా. వేళ్లు తెగిన మొక్కకి అన్ని నీళ్లు పోస్తే కుళ్లుద్దంట. కొన్నాళ్లు ఆపు. వారం వారం వేపనూనె కొట్టు. మొవ్వు గట్టిగానే ఉంది, బతుకుద్ది." మీరా హుస్సేన్ గొంతు తగ్గించాడు. "ఎవడో అర్జీ పెట్టాడు బావా. నిన్న మిషన్ ఆపించి నోటీసిచ్చారు. నాకు రాయడం రాదు. జవాబు నువ్వే రాసిపెట్టాలి."

బాపయ్య అబద్ధం ఆడదామనుకున్నాడు గాని నోరు రాలేదు.

"ఆ అర్జీ నాదే."

మీరా హుస్సేన్ పట్టుకున్న ఆకును చివరిదాకా తోమి, చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బాపయ్య పది రోజులు ఆఫీసు చుట్టూ తిరిగి అర్జీ వెనక్కి తీసుకున్నాడు. మిషన్ మళ్లీ తిరిగింది. తన వైపు ఆకులన్నీ తోమి వేపనూనె కొట్టాడు. గోడ అవతలికి వాలినవి తెల్లగానే ఉన్నాయి. వాటిని తోమాలంటే మీరా హుస్సేన్ గేటు తియ్యాలి.

రెండుసార్లు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మూడోసారి తట్టాడు. మీరా హుస్సేన్ భార్య నస్రత్ వచ్చింది గాని గడియ తియ్యలేదు.

"తోమొద్దన్నారన్నయ్యా. మా వైపుకొచ్చిన ఆకులు మీ వైపు నుంచే కోసుకుపొమ్మన్నారు."