ఇమోజీన్ మీద వాలిన మసి

సోమవారం దుప్పట్లు ఉతికే రోజు. కెంటకీ కొండల్లోని మాడక్స్ కౌంటీలో ఆ రోజు ప్రతి పెరట్లోనూ సణుగుడు వినిపిస్తుంది. ఆరేసిన గంటకల్లా బట్టల మీద మసి వాలిపోతుంది మరి. ఒక్క ఇమోజీన్ పెరట్లోనే దుప్పట్లు మల్లెపూవుల్లా ఉంటాయి. పొరుగువాళ్ళు కంచె మీంచి చూసి, "నీకేమమ్మా, అదృష్టవంతురాలివి," అనేవారు. ఇమోజీన్ క్లిప్పులు పెడుతూ నవ్వి ఊరుకునేది. అదృష్టం సంగతి ఆవిడకి తెలుసు.

ఆ మసి కోర్టు భవనానిది. ఎప్పుడో మొదటి ప్రపంచయుద్ధానికి ముందు కోర్టు తగలబడి, కౌంటీవాళ్ళ పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు రాసుకున్న పుస్తకాలన్నీ కాలిపోయాయి. మంట ఆరింది గానీ పొగ మాత్రం పోలేదు. చౌరస్తా మీద గొడుగు పట్టినట్టు అలాగే నిలబడిపోయింది. అందులోంచి అప్పుడప్పుడు కాలిన కాగితం ముక్కలు, నల్లటి ఒంటి మీద వెండిరంగు అక్షరాలతో, నెమ్మదిగా దిగుతుంటాయి. ఎవరి రక్తసంబంధీకుల కాగితమైతే వాళ్ళ భుజం మీదో, వాళ్ళ బట్టల మీదో వాలుతుంది. తాతముత్తాతల వివరాలు కావలసినవాళ్ళు తెల్లచొక్కా వేసుకుని చౌరస్తాలో నిలబడతారు. తొందరపెడితే లాభం లేదు, అది దిగినప్పుడే దిగుతుంది. ఇమోజీన్ పనిచేసే హోటల్లో ఎవరైనా కప్పులోకి చూసి, "మా ముత్తాత మళ్ళీ కాఫీలో పడ్డాడు," అంటే, ఆవిడ చెంచాతో ఆయన్ని తీసి ఇంకో కప్పు పోసేది.

పడిన ముక్కని మైనపు కాగితాల మధ్య పెట్టి కౌంటీ గుమాస్తా మాక్సీన్ గోఫోర్త్ గారి కిటికీ దగ్గరికి తీసుకెళితే, ఆవిడ చూసి నకలు రాసి ముద్ర కొట్టిస్తుంది. అదే అసలు పత్రంతో సమానం. పేరు మీది కాకపోతే కిటికీలో ఇచ్చెయ్యాలి. అది అక్కడి మర్యాద, వేరేవాళ్ళ పెద్దల్ని ఇంట్లో ఉంచుకోకూడదు.

ఇమోజీన్ ఆ మర్యాద ఎన్నడూ తప్పలేదు. వాళ్ళ నాన్న పరాయి ఊరివాడు, ఆయనవాళ్ళ కాగితాలు ఆ పొగలో లేవు. కాలంచేసిన వాళ్ళమ్మ లాటీ స్టిడమ్‌లవారి ఆడపడుచు. స్టిడమ్‌లంటే కౌంటీ నిండా ఉన్నారు, వాళ్ళ మసీ అలాగే పడుతుంది. కానీ ఇమోజీన్ ఒంటి మీద ఒక్క స్టిడమ్ ముక్క వాలిన పాపాన పోలేదు. ఎప్పుడో ఏడాదికోసారి ఒకటి వాలితే, దాని మీద క్రెన్‌షా అనే పేరుండేది. కౌంటీలో క్రెన్‌షాలెవరూ లేరు. గాలికి దారితప్పి వచ్చిందనుకుని తీసుకెళ్ళి కిటికీలో ఇచ్చేసేది. చిన్నప్పుడు బడిలో, "పొగకి కూడా నువ్వంటే గిట్టదే," అని ఏడిపించేవారు. యాభై ఏళ్ళొచ్చినా ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

ఇక ఎల్డన్ స్టిడమ్ సంగతి. చెప్పులు బాగుచేసే దుకాణం ఆయనది. భార్య పోయి చాలాకాలమైంది. రోజూ మధ్యాహ్నం హోటల్‌కొచ్చి ఇమోజీన్ చేసిన, యాపిల్ పళ్ళు కూరిన 'పై' అనే తీపిరొట్టె ఒక ముక్క తినేవాడు. తినడానికి పట్టే సమయం నానాటికీ పెరుగుతూ వచ్చింది. ఆఖరికి ఒకరోజు ఖాళీ పళ్ళెం వైపే చూస్తూ, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. ఆవిడ, ఇంతకాలం పై బాగుందనే వస్తున్నావనుకున్నాను అంది. పై కూడా బాగుంది అన్నాడాయన.

అడ్డుపడింది ఎల్డన్ మేనత్త జెల్ఫా. ఎల్డన్ వాళ్ళ నాన్న ఏసా, ఇమోజీన్ వాళ్ళమ్మ లాటీ, ఆవిడకి అన్నా అక్కా. లోకంలో కొన్నిచోట్ల మేనరికమని సంబరపడి పందిరేస్తారు గానీ, అక్కడ అది నేరం. జెల్ఫా తన తల్లి వాడిన బైబిల్‌ని చంకన పెట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి, ఇంటివాళ్ళ పేర్లు రాసుకునే మొదటి పేజీ చూపించింది. పిల్లల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, అందులో ఏసా ఉన్నాడు, లాటీ ఉంది. మాక్సీన్ గారు పెళ్ళి అనుమతి పత్రం పక్కన పెట్టేసింది. బైబిల్ కాదనడానికి కౌంటీ పత్రమేదైనా ఉంటే తెమ్మంది.

ఎల్డన్ ఇమోజీన్‌తో పెద్దగా మాట్లాడలేదు. "మన వరస మారకపోతే నేను ఒహాయోలో మా తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతాను. రోజూ వచ్చి చుట్టంలా పై తినడం నావల్ల కాదు," అన్నాడంతే.

ఇద్దరూ తెల్లబట్టలేసుకుని చౌరస్తాలో నిలబడ్డారు. లాటీ పుట్టుక కాగితం దిగితే ఆవిడ ఎవరి బిడ్డో తేలిపోతుంది. ఎల్డన్ సాయంత్రానికల్లా కాకిలా నల్లబడ్డాడు. నాన్న, బాబాయిలు, మేనత్తలు, అందరి పుట్టుకలూ వచ్చి వాలాయి. లాటీ మాత్రం రాలేదు. ఇమోజీన్ గౌను పొద్దున వేసుకున్నప్పుడెంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది. దారినపోయేవాళ్ళు మాట్లాడకుండా తప్పుకుని పోయారు.

ఇక బయల్దేరదామనుకుంటుంటే ఆవిడ చేతి మడత మీద ఒకటి వాలింది. చూస్తే మళ్ళీ క్రెన్‌షాయే. ఆవిడకి ఏడుపొచ్చింది. అయినా అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి వెళ్ళి, "మళ్ళీ దారితప్పిందండి," అంటూ అందించింది. ఎల్డన్ వెనకే ఉన్నాడు. జెల్ఫా అక్కడే బెంచీ మీద బైబిల్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎక్కడ సడలిస్తారోనని కాపలా.

మాక్సీన్ గారు ఆ ముక్క చూసి, లేచి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. ఇమోజీన్ ఇన్నేళ్ళుగా ఇచ్చినవన్నీ అందులోనే ఉన్నాయి. అడిగేవాళ్ళు రాలేదు కదా. అన్నీ బల్ల మీద పరిచి, అటూ ఇటూ జరిపి చూసింది. ఒకదాంట్లో పెళ్ళి, క్రెన్‌షాల కుర్రవాడిది. ఒకదాంట్లో చావు, అతని భార్య, కాన్పులో. ఇంకోదాంట్లో అతనిదే, అదే వారం జ్వరంతో. ఇవాళ్టి ముక్కలో ఆడపిల్ల పుట్టుక. దాని అంచున ఎవరో చిన్న అక్షరాలతో రాశారు, బిడ్డని స్టిడమ్‌ల ఇల్లాలు తీసుకెళ్ళింది, పేరు లాటీ.

"పొగ ఎప్పుడైనా దారితప్పడం చూశావా ఇమోజీన్?" అంది మాక్సీన్ గారు.

"నా విషయంలో తప్పుతోందనుకున్నానండి."

జెల్ఫా లేచొచ్చి కళ్ళజోడు సర్దుకుని ఆ ముక్కని చదివింది. తర్వాత చేతిలోని బైబిల్ తెరిచి వాళ్ళమ్మ చేతిరాతని చదివింది.

"అయితే మా అమ్మ దేవుడి పుస్తకంలో అబద్ధం రాసిందంటావా?"

"అబద్ధమెందుకవుతుందమ్మా. ఆవిడ తన కంచంలో తిన్నవాళ్ళని రాసుకుంది. కౌంటీ పుట్టినవాళ్ళని రాసింది. రెండూ నిజమే. పెళ్ళికి మాత్రం నాకు రెండోదే కావాలి," అంది మాక్సీన్ గారు.

జెల్ఫా బైబిల్లో ఆ పేరు మీద వేలు పెట్టింది. "లాటీ నాకు జడలేసేది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత బైబిల్ మూసి, "సాక్షి సంతకం ఎవరు పెడతారు? ఎల్డన్, ఆ కలం ఇటియ్యి. నీ రాత కోళ్ళు కెలికినట్టుంటుంది, నువ్వు ఆఖర్న పెట్టు," అంది.

"సరే అత్తా," అన్నాడు ఎల్డన్.

మాక్సీన్ గారు పత్రం నింపుతూ, తల్లి పుట్టింటి ఇంటిపేరు అడిగింది. ఇమోజీన్ నోరు తెరిచింది, అలవాటైన పేరు నాలుక చివరిదాకా వచ్చింది, దాన్ని మింగేసి, "క్రెన్‌షా," అంది. ఆ మాట కొత్తచెప్పులా కొంచెం కరిచింది.

బయటికొచ్చేసరికి ఎండ వాలుతోంది, పొగ తన చోట తానుంది. మెట్లు దిగుతుండగా చిన్న మసిముక్క ఒకటి తిరుగుతూ తిరుగుతూ వచ్చి ఇమోజీన్ మెడపట్టీ మీద వాలింది. ఎల్డన్ మర్యాదకొద్దీ దులపబోయాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ," అంది, "మావాళ్ళే."