యముడి ముందు చెప్పిన పేర్లు

కూతురు కీర్తనకు కాళేశ్వరం దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు సరోజ సంతోషపడలేదు, ఏడవలేదు. ఆ ఊళ్ళో ఎన్ని రకాలుగా ప్రాణం పోవచ్చో ఆలోచిస్తూ కూర్చుంది. గోదావరి ఉంది. అందులో కలిసే ప్రాణహిత ఉంది. ఆ రెండూ చాలవన్నట్టు కంటికి కనబడని సరస్వతి కూడా ఉందట. కనబడే నదికైతే దూరంగా నిలబడొచ్చు. కనబడనిదానికి ఎక్కడ నిలబడాలి?

అందుకే తనూ వెంట బయలుదేరింది. ఊరు చూసినట్టే చూసి, ఉద్యోగంలో చేరకముందే పిల్లను లింగాల ఘనపూర్‌కు తిరిగి తీసుకురావాలన్నది ఆమె ఉద్దేశం. ఆ సంగతి భర్త పెంటయ్యకు చెప్పింది గాని కీర్తనకు చెప్పలేదు.

భూపాలపల్లి దాటాక బస్సు అడవిలో పడింది. సరోజ కిటికీ మూసేసింది.

"గాలొస్తలేదే అమ్మా."

"గాలెంబడి ఏమొస్తదో ఎవలకెరుక?"

కాళేశ్వరంలో దిగాక నది అవతల కనబడేది మహారాష్ట్ర అని కీర్తన చూపించింది. ఇంత దగ్గర్లో ఇంకో రాష్ట్రం ఉండటం సరోజకు నచ్చలేదు.

"డ్యూటీల చేరే ముందు దేవునికి మొక్కుదాం," అంది కీర్తన. దేవుడి దగ్గరైతే భయం లేదనుకుని సరోజ ఒప్పుకుంది.

గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి.

"గీ ఇద్దరెవలు అయ్యగారూ?"

"ఈయన ముక్తేశ్వరుడు, శివుడు. ఆయన కాళేశ్వరుడు, యముడు. ముందు పూజ యమునికే," అన్నాడు పూజారి. "పేర్లు చెప్పండమ్మా."

సరోజ కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు చెప్పకుంటె అర్చనెట్లనే?" అంది కీర్తన, వేళ్ళ సందుల్లోంచి.

"యముని ముందర నిలబడి నేనీడున్న అని చెప్పుకుంటరా ఎవలన్న? ఆయన పనిల ఆయనున్నడు."

"ఆయన దగ్గర అందరి పేర్లూ ఉన్నయమ్మా," అన్నాడు పూజారి.

"ఉంటే ఉండనియ్యుండ్రి. మనం యాదిజేసుడెందుకు? శివునికి చెప్పుండ్రి. యమునికి ఊకె దండం పెడ్తం."

"ఇద్దరూ ఒక్క పానవట్టం మీదనే ఉన్నరు. ఒకరికి చెప్తే ఇంకొకరికి వినబడ్తది."

వెనక వరసలోని ముసలావిడ విసుక్కుంది. "జర జల్ది కానియ్యి బిడ్డా. నీ బిడ్డ పేరు వద్దంటే నా పేరు చెప్పనియ్యి. బతికి బతికి పరేషానైన."

కీర్తన తల్లి చెయ్యి తప్పించుకుంది. "నా పేరు కీర్తన. గీ ఊర్లెనే ఉంట. దవాఖానల పనిజేస్త," అంది గట్టిగా.

పిల్ల పేరుతో ఆగకుండా ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పేసింది. ఇక సరోజ చేయగలిగింది ఒక్కటే. పదిమందిలో కలిపేస్తే ఒక్క పేరు అంత తొందరగా కంటికి ఆనదు.

"పెంటయ్య," అంది. "సరోజ. మా మరిది వెంకట్రాం. తోడికోడలు స్రవంతి. గట్టమ్మ."

"గట్టమ్మ ఎవలమ్మా?"

"మా అత్త. పోయినేడు కాలంజేసింది."

"పోయినోళ్ళ పేరు అర్చనకు చెప్పరు."

"చెప్పుండ్రి. మా ఇంటి వంతు ఒకపారి అయిపోయిందని ఆయనకు యాదికొస్తది. జగన్మోహన్."

"ఈయన?"

"మా పక్కింటాయన."

"మీకేమైతడు?"

"ఏం గాడు. గోడ కాడ మాకు పంచాది, మాటల్లేవు."

పూజారి ఆ పేరు కూడా చదివాడు.

బయటికి రాగానే పెంటయ్య ఫోన్ చేశాడు. "ఇంటికి ఎల్లిండ్రా?"

"లేదు. పిల్ల డ్యూటీల చేరుతది."

"నువ్వే గదనే తోల్కొస్తనంటివి?"

ఫోన్లో మాట చెవినబడి కీర్తన తల్లి వైపు చూసింది. "నన్ను తోల్కపోను వచ్చినవా?"

"గది పొద్దుటి ముచ్చట," అని కూతురికి చెప్పి, సరోజ మళ్ళీ ఫోన్లో అంది: "తోల్కొచ్చి ఏం జేస్త? ఇంటిల్లిపాది పేర్లు యముని ముందర చెప్పిన. ఇగ ఆడికీ ఈడికీ ఫరకేం లేదు. నువ్వు గూడ జర పైలంగుండు. బాయికాడ మోటరు ముట్టకు."

"నా పేరెందుకు చెప్పినవే?"

"బిడ్డ తర్వాత నీదే చెప్పిన. నాది గూడ నీ తర్వాతనే," అంది సరోజ, మర్యాద తప్పలేదన్నట్టు. ఫోన్ కొంగులో పెట్టుకుని, కూతురి సంచి అందుకుని, దవాఖాన ఎటో అడగడానికి ముందు నడిచింది.