వాటా లేని తాడు

అసిరయ్యకి దెబ్బ తగిలింది నడిసముద్రంలో కాదు, ఒడ్డున. తెప్పని నీళ్లలోకి తోస్తుంటే కెరటం దాన్ని వెనక్కి విసిరింది, దుంగ వచ్చి నడుముకి తగిలింది. ఎముక విరగలేదన్నారు టెక్కలిలో. విరిగినా బాగుండేది, అతుక్కునేది. విరగని నడుమే అతన్ని ఏళ్ల తరబడి మంచానికి కట్టేసింది.

కట్లు విప్పడానికి రమణమూర్తి బిళ్లలుండేవి. కవిటి రోడ్డులో మందుల కొట్టు అతనిది. చీటీ అడగడు, నాడి చూడడు. "నడుమా? ఇదిగో." కొబ్బరిచెట్టు దిగినవాడికీ అదే బిళ్ల, జీడిపిక్కలు కొట్టి వచ్చిన ఆడమనిషికీ అదే, వల లాగినవాడికీ అదే. ఒళ్లు హూనమయ్యే పని ఇచ్చేవాళ్లున్నారు, బిళ్ల ఇచ్చేవాళ్లున్నారు. మధ్యలో ఉన్న మనిషిని చూసేవాడే ఆ ఉద్దానం పల్లెల్లో లేడు.

అసిరయ్య భార్య దాలమ్మ. ఆమె అన్న గున్నయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయంటే ఒకరు నీళ్లంటారు, ఒకరు మట్టంటారు, ఒకరు ఎండంటారు. గున్నయ్య మాత్రం రక్తం కడిగించుకోడానికి విశాఖపట్నం రైలెక్కుతూనే ఉన్నాడు. అతనికి తోడుగా వెళ్లిన దాలమ్మ, నొప్పి బిళ్లలు కిడ్నీలకి మంచివి కావని డాక్టర్ల నోట విని వచ్చింది. వచ్చీ రాగానే కంటపడిన అసిరయ్య బిళ్లలన్నీ పొయ్యిలో పడేసింది.

"నన్ను సంపీడానికేటే?" అన్నాడు అసిరయ్య మంచం మీదినుంచి.

"సావకుండా ఉండడానికే. పద, పెద్దాసుపత్రికి."

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ అతన్ని వంచింది, లేపింది, కాళ్లు పైకెత్తించింది. "పడుకుంటే ఇంకా బిగుసుకుపోతుంది తాతా. నడుంలోతు నీళ్లలో నిలబడి మెల్లగా అటూ ఇటూ నడువు. నీ బరువు నీళ్లు మోస్తాయి" అంది.

తిరుగు బస్సులో అసిరయ్య నవ్వాపుకోలేకపోయాడు. "సదువుకున్నాది గాని సముద్రం తెలీదు. నీళ్లు కాదేటే నన్నిలగ సేసినాది?"

నవ్వడంలో అతని తప్పేం లేదు. వాళ్ల పేటలో అందరూ నమ్మేది అదే. ఉప్పునీటి చలి ఎముకలో దూరితే నొప్పి అవుతుందని, నొప్పున్నవాడు నీటికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని. అందుకే వేట మానిన ముసలివాళ్లంతా ఎండలో కూడా మంకీటోపీలు పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని గోడకి జేరబడి ఉంటారు. నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లు, ఆఖరికి వేడినీళ్ల చెంబుకి అంటుకుపోతారు. దీనికి తోడు ఇంకో సిగ్గు. పని లేకుండా సముద్రంలో దిగేవాడు పట్నంవాడు. వేటగాడు గేదెలా నీళ్లలో నిలబడితే ఊరు నవ్వదూ?

కానీ బిళ్ల లేని నడుము సిగ్గు ఎరగదు. కొన్నాళ్లకి, తెల్లారగట్ల, ఎవరూ లేని చోటు చూసుకుని మొగలిపొదల అవతలికి వెళ్లాడు. మాఘమాసం. సముద్రం సాధువుగా ఉంది. వెనక తోటల్లో జీడిపూత వాసన. వంగి నీళ్లు కళ్లకద్దుకోబోయాడు, నడుము వంగలేదు. ఒక కాలు నీళ్లలో తడిపి, దాన్ని మడిచి పైకెత్తి, ఆ తడినే వేళ్లకి అంటించుకుని కళ్లకద్దుకున్నాడు. గంగమ్మ ఏమీ అనుకోదులే అనుకున్నాడు.

నడుంలోతుకి వచ్చాడో లేదో కెరటం తోసింది. నిలదొక్కుకోడానికి నడుము బిగించాడు, ప్రాణం పోయినట్టయింది. ఇదా డాక్టరమ్మ వైద్యం అని వెనక్కి తిరుగుతుండగా చేతికి తాడు తగిలింది.

ఎవరిదో కాదు, అతని చెల్లెలి మొగుడు పైడిరాజుది. ఒడ్డున నిలబడి లాగే పెద్దవల తాడు అది. నీటివాలుకి వల ఇటు జరిగింది, దాంతో జనమూ జరిగి వచ్చారు. అసిరయ్య తాడు పట్టుకున్నాడు. లాగలేదు, పట్టుకున్నాడంతే. కెరటం వస్తే తాడు బిగిసి నిలబెట్టింది, పోతే వదులై ఊయల ఊపినట్టు ఊపింది. కాళ్లు ఇసుకమీద తేలిగ్గా ఆనుతున్నాయి. తన బరువు తనది కాకుండా పోయింది. చానాళ్లుగా నడుము చుట్టూ బిగిసిన పిడికిలి ఒక్కొక్క వేలూ విప్పుతున్నట్టు అనిపించింది. తలమీద కొంగలు పోతుంటే తలెత్తి చూశాడు. మంచం మీద పడ్డాక అతను ఆకాశాన్ని చూసిందే లేదు, పైకప్పు తాటాకుల్ని చూశాడు.

వల ఒడ్డుకొచ్చింది. నెత్తళ్లు, కొన్ని కానాగంత చేపలు. పైడిరాజు ఇసుకమీద కుప్పలు పెట్టించాడు, తాడు పట్టినవాళ్లందరికీ తలా ఒకటి. ఆ తీరంలో అదే కట్టుబాటు: తాడుమీద చెయ్యి పడితే వాటా పడినట్టే.

"బావా, ఇది నీది" అన్నాడు పైడిరాజు ఒక కుప్ప చూపించి.

"నాను లాగలేదు."

"సెయ్యేసినావా లేదా?"

"పడిపోకుండా పట్టుకున్నాను బావా."

వెనకనుంచి ఎవడో అన్నాడు: "మంచి ఉపాయమే. ఈసారి నానూ పడిపోతాను."

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, రోజూ నవ్వుకునేదే. కానీ నలుగురికంటే ముందుండి తెప్ప తోసిన మనిషి అసిరయ్య. జాలి వాటా తినడానికి వచ్చాడని అనిపించుకోడానికి ఆ నీళ్లలోకి దిగలేదు. కుప్ప ముట్టుకోకుండా ఇంటికి వచ్చేశాడు. మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. పిడికిలి మళ్లీ బిగుసుకుంది.

మూడోనాడు తాటాకు సందులో దాచిన బిళ్లల అట్ట బయటికి తీశాడు. అట్టలో రెండే మిగిలాయి. దాలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఈసారి లాక్కోలేదు.

"ఒక్కటేలే" అన్నాడు అసిరయ్య.

"మా అన్న కూడా అలగే అనీవోడు. ఒక్కటేలే దాలీ అని." ఆమె వెళ్లి చేపలు తోముకుంటూ కూచుంది.

అసిరయ్య అట్ట చేతిలో పెట్టుకుని ఉండగా పైడిరాజు వచ్చాడు. మంచంకోడు పక్కన గొంతుక్కూచున్నాడు.

"నీ వాటా కాకులు తిన్నాయి బావా."

"నువ్వు ఎత్తుకోవలసింది."

"ఒకలి వాటా ఇంకొకలు ముడతారేటి? కుక్కలు కూడా సూసి సూసి ఆకరికొచ్చినాయి." బీడీ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "రేపు రా. ఆవేల నీళ్లలో ఒల్లు బాగుందంట గదా, దాలమ్మ సెప్పింది."

"వత్తే మీరు కుప్పెడతారు. పెడితే నాను తీసుకోను. కాకులకి పండగ."

"మరి తాడు ముట్టుకున్నోడికి ఎట్టకుండా ఎలగ? రేపు ఇంకోడికీ ఎగ్గొడతాం అప్పుడు. కట్టుబాటు అంటే ఒకలికోసం వంచీదా?"

అది అసిరయ్యకీ తెలుసు. ఆ కట్టుబాటే లేకపోతే బక్కవాడి వాటా బలిసినవాడి తట్టలోకి పోతుంది. దాన్ని వంచమని అతను అడగడు. చేతిలోని బిళ్లల అట్ట పక్కన పెట్టాడు.

"బావా, నీ దగ్గర పాత తాడుందేటి? వలకి పనికిరానిది."

"ఉంది. ఎందుకు?"

"వల లేని తాడైతే కుప్పెవుడు పెడతాడు?"

పైడిరాజు అతని మొహంలోకి చూశాడు. లేచి వెళ్లి తాడు తెచ్చాడు.

పోటు తీసి నీళ్లు వెనక్కి తగ్గిన వేళ వల జనమే వచ్చి పని చేశారు, నవ్వినవాడితో సహా. ఒడ్డున సరుగుడు గుంజ లోతుగా పాతి, తాడు ఒక కొస దానికి కట్టారు. రెండో కొస పాత లంగరుకి కట్టి నీళ్లలో దించారు. తాడు బిగించి, పైడిరాజు దానికి వేలాడి చూసి, "ఏనుగైనా ఆగుతాది" అన్నాడు.

అసిరయ్య తాడు పట్టుకుని దిగాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. నొప్పి పోలేదు. అది పోయే నొప్పి కాదు, ఆ మాట ఎవరూ అతనికి చెప్పక్కర్లేదు. కానీ నీళ్లలో ఉన్నంతసేపూ దూరంగా కూచుంటుంది, ఒడ్డుకొచ్చాక కూడా ఎండ ఎక్కేదాకా దగ్గరికి రాదు. ఆ సందులో అతను వలలకి కన్నాలు కుట్టుకోగలుగుతున్నాడు, అన్నం కూచుని తినగలుగుతున్నాడు. గాలి ముదిరిన రోజున దిగడు, గట్టున నడుస్తాడు. బిళ్లలు రెండూ అట్టలోనే ఉన్నాయి. పారేయలేదు, మింగలేదు.

కొన్నాళ్లకి దాలమ్మ కూడా మోకాళ్ల నొప్పులతో నీళ్లలో దిగింది. "నన్ను సూసి నవ్వితే ముంచేత్తాను" అని ముందే చెప్పింది. ఆమె వెనక జీడిపిక్కలు కొట్టే నూకమ్మ, చీర గోచీ పోసుకుని, పళ్లు బిగించుకుని దిగింది. ఆ పొద్దున మంకీటోపీ ఒకటి గుంజకి తగిలించి ఉంది. ఎవరిదో అసిరయ్య అడగలేదు.

ఒకనాడు వల లాగడం అయ్యాక పైడిరాజు కుడిభుజం పట్టుకుని వచ్చాడు. తాడు పక్కన నిలబడి నీళ్లకేసి చూశాడు.

"ఇది పట్టుకుంటే నాకేటొత్తాది బావా?"

"ఏటీ రాదు" అన్నాడు అసిరయ్య, కొంచెం జరిగి చోటిస్తూ. "పట్టుకో."